అక్క ఢావ్లో, డీజే వెర్షన్



పోస్టు శానా పెద్దది. హాస్టల్లో లైట్లు తీసేసినాక దుప్పటి కింద ఫోన్లో కొంచెం కొంచెం టైప్ చేస్తా మూడు రాత్రులు రాసినా. అచ్చుతప్పులు ఉంటే సర్దుకోండి. తీరిగ్గా ఉన్నప్పుడే చదవండి, బస్సులో చదివితే సగంలో మీ స్టాపు వచ్చేస్తాది.

మేముండేది హిందూపురంలో. మా రూములో ఎనిమిది మందిమి, ఒకే ఒక బ్లూటూత్ స్పీకరు. సుగాలీలం నలుగురం, ఎరుకలోళ్ల పిల్లలు ఇద్దరు, మిగతా ఇద్దరు మడకశిర పక్కోళ్లు. ఆదివారం బట్టలుతికేటప్పుడు మాకు ఒక ఆట ఉంటాది. ఒకే పాటని ఇద్దరు పాడింటారు కదా, రెండూ పెట్టి ఏది బాగుందో తేల్చాల. ఓడినోళ్లు బకెట్లు మోయాల. ఎక్కువసార్లు మోసింది నేనే, ఎందుకంటే నాకు ఒకటే మాట మీద నిలబడడం రాదు. ఈ పొద్దు ఒరిజినల్ అంటా, వచ్చే వారం అదే పాటకి కవర్ అంటా.

మా ఆటలో బాగా కొట్లాట జరిగింది 'రాబర్ట్' పాట మీద. 2021లో దర్శన్ సినిమా, కన్నడలో తీసి తెలుగులో కూడా వదిలినారు. సంగీతం అర్జున్ జన్య. కన్నడలో 'కణ్ణు హొడియాక' అని శ్రేయా ఘోషల్ పాడితే, అదే ట్యూను తెలుగులో 'కన్నే అదిరింది' అని మన మంగ్లీ పాడింది. అంటే పుట్టుక ప్రకారం ఒరిజినల్ కన్నడది, మనది దాని మీద వచ్చింది. కానీ మా పక్క ఏమైందో మీకూ తెలుసు. హిందూపురం దాటి గౌరిబిదనూరు పోయే బస్సుల్లో, పావగడ పోయే బస్సుల్లో, కన్నడపోళ్ల పెళ్లిళ్లలో కూడా తెలుగుదే మోగింది. శ్రేయా ఘోషల్ గొంతులో ఒక్క గీత కూడా పడదు. ఎక్కడ ఎత్తాల, ఎక్కడ దించాల, అంతా నూనె రాసినట్టు జారిపోతాది. మంగ్లీ అట్లా కాదు. ఆమె పాట గొంతు అడుగు నుంచి తోసుకుని వస్తాది, చేనులో ఆ గట్టు నుంచి ఈ గట్టుకి పిలిచినట్టు. ఇళ్లలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినేటోళ్లకి శ్రేయా బాగుంటాదేమో గానీ, ఇంజన్ శబ్దం మీద, గాలి మీద, జనాల మీద నిలబడాలంటే మంగ్లీ గొంతే కావాల. మా నాయన పెనుకొండలో షేర్ ఆటో తోల్తాడు. ఆయన లెక్క ప్రకారం మంచి పాటంటే గుంతల రోడ్డులో కూడా వినబడేది.

మంగ్లీ ఎవరో ఈ గ్రూపులో చెప్పాల్సిన పని లేదు, కానీ రాస్తే నాకు సంతోషంగా ఉంటాది కాబట్టి రాస్తాండా. గుత్తి మండలం బసినేపల్లి తండా. మన ఉమ్మడి అనంతపురం జిల్లానే. సేవాలాల్ మహారాజ్ పుట్టినాడని మనం మొక్కే సేవాగఢ్ కూడా ఆ గుత్తి పక్కనే. తండా నుంచి తిరుపతి ఎస్వీ యూనివర్సిటీకి పోయి సంగీతం నేర్చుకుంది. మా యాడి ఆమె వీడియో చూసినప్పుడల్లా పాట వినదు, మొహం చూస్తాది. "అచ్చం మా చిన్నాయన కూతురు మాదిరే ఉండాది" అంటాది. యాడికి టీవీలో వచ్చే ఏ సుగాలీ పిల్లయినా చిన్నాయన కూతురే.

ఇంకొక పాట ఉంది, అది మా రూములో తెగలేదు. 'పుష్ప'లో 'ఊ అంటావా'. తెలుగులో పాడింది ఇంద్రావతి చౌహాన్, మంగ్లీ చెల్లెలు. కన్నడలో పాడింది మంగ్లీ. తమిళంలో ఆండ్రియా, హిందీలో కనికా కపూర్. ఒక తండా ఇంట్లోని అక్కచెల్లెళ్లు ఇద్దరూ ఒకే పాట రెండు భాషల్లో పాడినారు, సమంత ఇద్దరి గొంతుకీ ఒకే స్టెప్పు వేసింది. ఇంద్రావతి పాడింది వింటే బద్ధకంగా, మాట చివర లాగి వదిలేసి, ఎదుటోడిని చూసి నవ్వుతా పాడినట్టు ఉంటాది. మంగ్లీ పాడింది గట్టిగా, నిలదీసినట్టు ఉంటాది. ఆండ్రియాది పొగ మాదిరి. నాకు చెల్లెలిదే ఇష్టం. ఇందులో నేను కూడా చెల్లెలినని పక్షపాతం ఉందేమో, ఒప్పుకుంటా.

హిందూపురంలో ఉండి బాలయ్య పాటల గురించి రాయకపోతే ఊర్లోకి రానివ్వరు. ఇది ఆయన నియోజకవర్గం, 2014 నుంచి ఆయనే. అంతకుముందు వాళ్ల నాయన రామారావు గారు కూడా ఇక్కడి నుంచే గెలిచినారు. 1992లో 'రౌడీ ఇన్‌స్పెక్టర్'లో వచ్చిన 'అరె ఓ సాంబ'ని 2015లో 'పటాస్'లో కళ్యాణ్ రామ్‌కి రీమిక్స్ చేసినారు. నాకు ఒకటి తోచింది, మీరూ లెక్క వేసి చూడండి. మన తెలుగులో పాత పాట మళ్లీ తెర మీదికి రావాలంటే ఎక్కువసార్లు ఆ హీరో ఇంట్లో ఒక వారసుడు ఉండాల. 'గ్యాంగ్ లీడర్' (1991) 'వాన వాన వెల్లువాయె' కొడుక్కి పోయింది, 'రచ్చ' (2012)లో. 'ఖైదీ నెంబర్ 786'లోని 'గువ్వా గోరింకతో' మేనల్లుడికి పోయింది, 'సుబ్రమణ్యం ఫర్ సేల్' (2015)లో. 'యముడికి మొగుడు'లోని 'అందం హిందోళం' కూడా ఆ మేనల్లుడికే, 'సుప్రీమ్' (2016)లో. పొలాలు పంచుకున్నట్టు పాటలు పంచుకున్నారు. బాలు పాడిన ఆ పాత పాటల పక్కన పెడితే రీమిక్సుల్లో డ్రమ్ములే ఎక్కువ, పాట తక్కువ. మా రూములో రీమిక్సులకి ఒక్క ఓటు కూడా పడదు. కానీ స్పీకర్లో పెడితే మొదట లేచి ఎగిరేది కూడా మేమే.

'శివశంకరి' గురించి మాత్రం నేను వేరే మాట చెప్తా. 1961 'జగదేకవీరుని కథ'లో ఘంటసాల గారు పాడినది, పెండ్యాల గారి సంగీతం, తెర మీద ఐదుగురు రామారావులు కనిపిస్తారు. ఆ పాటని 2020లో తన అరవయ్యో పుట్టినరోజుకి బాలయ్య సొంతంగా పాడి వదిలినాడు. అప్పుడు ఎంత నవ్వినారో, మీమ్స్ ఎన్ని వచ్చినాయో నాకు గుర్తుంది, నేనూ నవ్వినా. ఇప్పుడు మళ్లీ వింటే పాట సంగతి పక్కన పెట్టి ఒకటి కనిపిస్తాంది. వాళ్ల నాయన నటించిన పాట. నాయన లేడు. ఆ పాట కష్టమని తెలిసి, జనం నవ్వుతారని తెలిసి కూడా పాడినాడు. ఘంటసాల పక్కన పెట్టి మార్కులేయడానికి అది పోటీ కాదు. మా రూములో ఈ మాట అంటే "నువ్వు బకెట్లు మోయ్ ఫో" అన్నారు.

ఇదంతా ఎందుకు చెప్తాండానంటే, అసలు చెప్పాల్సింది చెప్పడానికి భయమై ఇంతసేపు తిరిగినా.

2021లో మా అక్క పెళ్లి. మా ఇంట్లో బాయి అంటాం. అదే సంవత్సరం కరోనా వల్ల మన రాష్ట్రంలో పది, ఇంటర్ పరీక్షలు రెండూ రద్దు చేసినారు గుర్తుందా. నేను పది పాస్, అక్క ఇంటర్ పాస్, ఇద్దరమూ పరీక్ష రాయకుండానే. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి అక్క. డిగ్రీకి అనంతపురం పోతానని అనింది. ఇంటర్ మార్కుల మెమో చేతికొచ్చిన నెలలోపల పెళ్లయిపోయింది. పావగడ పక్క తండాకి ఇచ్చినారు. అక్కడ కర్ణాటకలో మనోళ్లు ఎస్సీలు, ఇక్కడ ఎస్టీలు. భాష అదే, గోర్ బోలి. మధ్యలో ఒక బోర్డు ఉంటాది, అంతే.

మన పెళ్లిలో ఢావ్లో తెలుసు కదా. ఎరుకల, కోయ, యానాది తమ్ముళ్లు చెల్లెళ్లకి తెలియకపోవచ్చు, అందుకని రెండు మాటలు. పెళ్లికూతురు పుట్టింటోళ్లని ఒక్కొక్కరినీ మెడ పట్టుకుని ఏడుస్తా పాడేది. పెళ్లికి ముందే ముసలోళ్లు కూర్చోబెట్టి నేర్పుతారు. రాగం అందరిదీ ఒకటే, మాటలు మాత్రం ఎవరివి వాళ్లవి. యాడి మెడ పట్టుకుంటే యాడికి చెప్పాల్సినవి, అన్న మెడ పట్టుకుంటే అన్నకి చెప్పాల్సినవి. జీవితమంతా నోరెత్తకుండా పెరిగిన పిల్ల ఆ ఒక్క గంట ఏమన్నా అనొచ్చు, ఎవరూ అడ్డు చెప్పకూడదు. మా ఆటలో ఒరిజినల్ ఏది, కవర్ ఏది అని అడుగుతామే, ఢావ్లోకి ఆ ప్రశ్నే కుదరదు. మా అవ్వ పాడినది, యాడి పాడినది, అక్క పాడినది, అన్నీ కవర్లే. అన్నీ ఒరిజినల్సే.

అక్క పాడేటప్పుడు నేను ఫోన్లో రికార్డు చేసినా. ఆన్‌లైన్ క్లాసులకని నాయన అప్పు చేసి కొనిచ్చిన ఫోను. పదకొండు నిమిషాలు. నేను కూడా ఏడుస్తా ఉంటే చెయ్యి ఊగి వీడియోలో సగం పందిరి గుంజే కనిపిస్తాది. ఆ రాత్రే మా తండా వాట్సాప్ గ్రూపులో పెట్టినా. ఎందుకు పెట్టినా అంటే ఏం చెప్పేది? అందరూ స్టేటస్‌లు పెడతాండారు, నేనూ పెట్టినా. అక్కని అడగలే. పెళ్లికూతురిని ఎవరడుగుతారు.

ఆరు నెలల తర్వాత, పెనుకొండలో నాయన ఆటో ఎక్కినా. ముందు ఒక పిల్లోడు కూర్చుని వాడి పెన్‌డ్రైవ్ పెట్టమన్నాడు. డీజే బీటు మొదలైంది, డబ్బు డబ్బు అని. దాని మీద మా అక్క గొంతు. నాయన బ్రేకు వేసినాడు. ఆటోలో ఎవరికీ అర్థం కాలేదు, కుక్కో ఏదో అడ్డమొచ్చిందనుకున్నారు.

మా పక్క తండా పిల్లోడే చేసినాడు. బొలెరో మీద బాక్సులు కట్టుకుని పెళ్లిళ్లకి పోతాడు, ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎల్ స్టూడియో పెట్టుకుని మిక్సింగ్ చేస్తాడు. పేరు రాయను, వరసకి మాకు అన్న అవుతాడు. చెడ్డోడు కూడా కాదు. అడిగితే నిజంగా ఆశ్చర్యపోయినాడు. "మన బంజారా పాటని డీజేలోకి తెస్తే మీకేం నష్టం? అందరూ మెచ్చుకుంటాండారు. అక్క గొంతు ఎంత బాగుందో అంటాండారు" అన్నాడు. వాడి మాటల్లో పూర్తిగా అబద్ధం లేదు. మా రూములో ఆ పాట పెట్టి తెలియనోళ్లని అడిగితే డీజే వెర్షన్‌కే ఓట్లు పడతాయి. గొంతుని శుభ్రం చేసినాడు, పందిట్లో పిల్లల అరుపులు తీసేసినాడు, ఎక్కిళ్లు వచ్చే చోటుని కోసి మళ్లీ మళ్లీ వచ్చేటట్టు లూపు చేసినాడు. ఆ ఎక్కిళ్ల దగ్గరే అందరూ చేతులెత్తి ఎగిరేది.

అక్క అత్తగారి పక్క ఒక పెళ్లిలో అది మోగిందంట. అక్క అప్పుడు ఏడో నెల కడుపుతో ఉంది. ఆడబిడ్డలు కూడా ఎగిరినారంట, వదిన పాట అని. ఆ రాత్రి ఫోన్ చేసి ఒకటే మాట అనింది. "నా ఏడుపుకి స్టెప్పులేస్తాండారు." ఎవరు పంపినారు అని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఇక్కడ నేను కొన్ని సంగతులు తెలుసుకున్నా, మీకూ పనికొస్తాయని రాస్తాండా. లా చదివే మన సీనియర్ అక్క ఒకామె చెప్పింది. జానపద పాటకి రచయిత ఎవరో తెలియకపోయినా, పాడిన మనిషికి ఆ పాడడం మీద హక్కు ఉంటాదంట. 1957 కాపీరైట్ చట్టంలో 1994 సవరణ తర్వాత పాడేటోళ్ల హక్కులని స్పష్టంగా పెట్టినారంట. అడగకుండా రికార్డు చేయడం, అమ్మడం, నలుగురిలో వదలడం తప్పు అనింది. నేను బో సంతోషంగా విన్నా. విన్నాక తెలిసింది, మొదటి ముద్దాయి నేనే.

'సారంగ దరియా' అప్పుడు కూడా ఇదే కదా గొడవ. శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ' సినిమాకి సుద్దాల అశోక్ తేజ గారు రాసి, మంగ్లీ పాడితే దేశమంతా ఎగిరింది. ఆ పాటని అంతకుముందే ఊర్లో పెద్దోళ్ల దగ్గర నేర్చుకుని టీవీలో పాడిన ఒక జానపద గాయని నా సంగతేంది అని అడిగింది. నేను అప్పుడు మంగ్లీ పక్షమే. మనమ్మాయికి పేరొస్తాంటే ఎవరీమె అనుకున్నా. ఎందుకు ఎగబడుతుంది అనుకున్నా. ఇప్పుడు ఆమె వైపు నుంచి ఆలోచిస్తే నాకు సిగ్గేస్తాంది.

ఇంగ్లీషు పాటలు నాకు అంత తెలియవు గానీ, మా రూమ్మేట్ ఒకటి చూపించింది. 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'. 'బాడీగార్డ్' సినిమాలో విట్నీ హ్యూస్టన్ పాడినది, 1992. గొంతు పైకి ఎత్తితే కిటికీ అద్దాలు పగులుతాయేమో అనిపిస్తాది. దాని ఒరిజినల్ 1974లో డాలీ పార్టన్ సొంతంగా రాసి పాడింది, మెల్లగా, పక్కన కూర్చుని చెప్పినట్టు. టెన్నెసీ కొండల్లో పన్నెండు మంది పిల్లలున్న పేదింట్లో, ఒక్క గది ఇంట్లో పెరిగిన మనిషి. ఎల్విస్ ప్రెస్లీ ఆ పాట పాడతానంటే ఈమెకి పండగ. కానీ ఆయన మేనేజరు పాట హక్కుల్లో సగం రాసిమ్మన్నాడంట. ఈమె రాత్రంతా ఏడ్చి, ఇయ్యను అని చెప్పింది. తర్వాత విట్నీ పాడినప్పుడు హక్కులన్నీ డాలీవే, డబ్బులూ ఆమెవే. రెండు పాటల్లో ఏది బాగుందంటే నేను ఇంతవరకూ తేల్చుకోలేదు. కానీ ఆ రోజు నేను విన్నది పాట కాదు. ఒక పేదింటి పిల్ల అంత పెద్ద మనిషికి ఇయ్యను అని చెప్పడం. మా అక్కకి ఆ అవకాశం కూడా రాలేదు, ఎవరన్నా అడిగితే కదా ఇయ్యను అనేది.

యూట్యూబ్ నుంచి ఆ పిల్లోడు పాట తీసేసినాడు. నాయన పోయి అడిగితే తీసినాడు, కోర్టు లేదు, కేసు లేదు. కానీ పెన్‌డ్రైవ్‌ల నుంచి ఎట్లా తీస్తారు? ధర్మవరం స్టేషన్ బయట, హిందూపురం బస్టాండులో, ఎక్కడ లంబాడీ డీజే అని మోగినా నా చెవి ముందు పోతాది.

పోయిన సంవత్సరం మా హాస్టల్లో ఫంక్షన్‌కి, ట్రైబల్ సాంగ్ ఒకటి పాడమన్నారు నన్ను. అద్దాల లంగా, రవిక బాడుగకి తెచ్చి పెట్టినారు. ఢావ్లో పాడు, ఎమోషనల్‌గా ఉంటాది అన్నారు. నాకు ఢావ్లో రాదు అని చెప్పినా. అబద్ధం. మా అవ్వ పెళ్లికి ముందు అక్కకి నేర్పుతాంటే పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నా. రాగమంతా వచ్చు. మాటలు మాత్రం నావి ఇంకా లేవు, వచ్చే పరిస్థితి అప్పుడే తేవద్దని యాడితో ప్రతి పండక్కీ కొట్లాడుతాండా. స్టేజీ మీద తీజ్ పాట పాడి దిగేసినా. గోధుమలు మొలకెత్తిన బుట్టలకి నీళ్లు పోస్తా పాడేది, పదిమందిమి కలిసి పాడాల్సింది ఒక్కదాన్నే పాడినా. చప్పట్లు బాగానే కొట్టినారు.

ఆ పదకొండు నిమిషాల రికార్డింగు నా దగ్గర ఇంకా ఉంది. ఫోను మారినా మెమరీ కార్డు మార్చలేదు. దాంట్లో ఏడో నిమిషం దాటినాక అక్క నా మెడ పట్టుకుంటాది. అప్పుడు ఫోను నా చేతిలోనే ఉంది కాబట్టి వీడియో నల్లగా అయిపోతాది, గొంతు ఒక్కటే శానా దగ్గరగా వినిపిస్తాది. గోర్ బోలిలో అనింది నేను తెలుగులో రాస్తాండా. అటక మీద నా పుస్తకాల సంచి ఉంది, ఎలుకలు కొట్టకముందే దించుకో, నేను నడవలేకపోయిన దారి నీకు వదిలి పోతాండా అని. డీజే వెర్షన్ మూడు నిమిషాల నలభై సెకన్లు. అందులో ఈ మాటలు లేవు. బీటుకి పొడవైపోయినాయని కోసేసినాడంట.

రెండు నెలల కింద అక్క పాపని తీసుకుని హిందూపురం ఆసుపత్రికి వచ్చింది. పాపకి దగ్గు. మూడేళ్లు నిండలేదు, గలాటా మాత్రం ముప్పై ఏళ్లదానికి సరిపోతాది. చూపించుకుని వచ్చి బస్టాండులో కూర్చున్నాం, పావగడ బస్సుకి గంట టైముంది. నేను చెప్పేసినా. ఆ వీడియో గ్రూపులో పెట్టింది నేనే అని. అక్క బజ్జీ తింటా ఉంది, నమలడం ఆపలేదు. "తెలుసు. గుంజ అంత బాగా తీసేది నువ్వే కదా" అనింది.

ఇయర్‌ఫోన్స్ ఒకటి అక్క చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టి పదకొండు నిమిషాలూ విన్నాం. అక్క నాలుగేళ్లలో ఒక్కసారి కూడా వినలేదంట. మధ్యలో ఒకచోట "ఇక్కడ నాకు రాగం పోయింది, అవ్వ చూసింటే తిట్టేది" అనింది. సంచి మాటలు వచ్చినప్పుడు ఏమీ అనలేదు. అయిపోయినాక "దించినావా సంచి?" అని అడిగింది. దించినా, ఎకనామిక్స్ పుస్తకం ఒకటి ఎలుకలు కొట్టేసినాయి అని చెప్పినా. "అది నాకూ అర్థమయ్యేది కాదులే" అనింది.

పాప ఇయర్‌ఫోన్ లాక్కుని తన చెవిలో పెట్టుకుంది. యాడి గొంతు గుర్తుపట్టింది. రెండు నిమిషాలు విని మొహం చిట్లించింది, ఇది కాదు, డబ్బు డబ్బు పాట పెట్టు అనింది. ఆ పాట దానికెట్లా తెలుసని అడిగితే, వాళ్ల తండాలో ఇంకా మోగుతుందంట, అది విని ఎగరకుండా అన్నం తినదంట. నేను అక్క మొహం చూసినా. అక్క తన ఫోను తీసి, వెదికి, పెట్టింది. బస్టాండు గోల్లో వినబడలేదని సౌండు పెంచింది. పాప బెంచీ మీద నిలబడి చేతులెత్తింది, పడిపోతాదని అక్క దాని నడుము పట్టుకుని ఉంది, బస్సు వచ్చేదాకా.